పిల్లల్ని గదిలో పెట్టి ఒప్పించేది న్యాయమా?

న్యూయార్క్, న్యూజెర్సీ తెలుగువాళ్లారా! అన్నలారా! అక్కచెల్లెళ్లారా!

మీ ఇంట్లో పద్నాలుగేళ్ల పిల్లాడున్నాడా? పదిహేనేళ్ల పిల్ల ఉందా? అయితే ఈ కాగితం మీకే. మడిచి కార్లో పడేయకండి. ఇక్కడే, నిలబడే చదవండి.

1989 ఏప్రిల్ 19, రాత్రి. మన్‌హట్టన్ సెంట్రల్ పార్క్. పరుగుకొచ్చిన 28 ఏళ్ల అమ్మాయిని ఎవడో తల పగలగొట్టి, చెరిచి, పొదల్లో పడేసి పోయాడు. ఒంట్లో నెత్తురు ముప్పాతిక భాగం పోయింది. పన్నెండు రోజులు కోమాలో ఉంది. ఎంత ఘోరం! చేసినవాడికి శిక్ష పడాలా వద్దా? పడాలి! పడింది కూడా. ఎవరికి?

కెవిన్ రిచర్డ్‌సన్‌కు. వయసు 14. రేమండ్ శాంటానాకు. 14. ఆంట్రన్ మెక్రేకు. 15. యూసఫ్ సలామ్‌కు. 15. కోరీ వైజ్‌కు. 16. నలుగురు నల్లపిల్లలు, ఒకడు లాటినో. అందరూ హార్లెం పిల్లలే. ఆ రాత్రి పార్కులోకి వెళ్లిన పెద్ద గుంపులో వాళ్లూ ఉన్నారు. అంతే! ఆ అమ్మాయిని వాళ్లు ముట్టుకోలేదు. చూడనైనా లేదు.

కోరీ సంగతి వినండి. పోలీసుల జాబితాలో అతని పేరే లేదు! యూసఫ్‌ను స్టేషన్‌కి తీసుకెళ్తుంటే, స్నేహితుడు ఒక్కడే పోతున్నాడే అని తోడెళ్లాడు. తోడెళ్లిన పాపానికి దాదాపు పదమూడేళ్లు జైల్లో ఉన్నాడు. పదహారేళ్లు నిండాయి కాబట్టి పెద్దవాళ్ల జైలుకే పంపారు. మీ అబ్బాయి అలా తోడెళ్లడా? తోడు వెళ్లమని చెప్పి పెంచింది మనమే కదా!

ఇంతకీ రుజువేంటి? పిల్లలు ఒప్పుకున్నారట. అసలు రుజువు అదే!

ఎలా ఒప్పుకున్నారో అడగండి. గంటల తరబడి గదిలో కూర్చోబెట్టారు. రాత్రి పోయి పగలొచ్చింది, మళ్లీ రాత్రయింది. నిద్ర లేదు. పక్కన లాయర్ లేడు. ఒకణ్ణి కూర్చోబెట్టి ‘పక్క గదిలో వాడు నీ పేరే చెప్పాడు’ అన్నారు. పక్క గదిలో వాడికీ అదే మాట. ‘నువ్వు చేయలేదులే, చూశానని చెప్పు చాలు, ఇంటికెళ్లిపోవచ్చు’ అన్నారు. పద్నాలుగేళ్ల పిల్లాడికి ఆ క్షణంలో ఏం కావాలి? ఇల్లు కావాలి. అమ్మ కావాలి. చెప్పమన్నది చెప్పేశాడు.

అమ్మానాన్నలు లేరా అంటారా? ఉన్నారు! కొందరు ఆ గదుల్లోనే ఉన్నారు. ఆంట్రన్ తండ్రి కొడుకుతో, వాళ్లు చెప్పమన్నట్టు చెప్పేయమన్నాడు. పోలీసులకు ఎదురు తిరిగితే బిడ్డ ఇంటికి రాడని ఆ తండ్రి భయం. మనం మాత్రం ఏమంటాం? ‘నాన్నా, సార్ అడిగింది చెప్పేయ్, తప్పు లేకపోతే భయమెందుకు’ అంటాం. అంటామా లేదా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి! ఒక్క యూసఫ్ తల్లి మాత్రం వచ్చి, ఇక ప్రశ్నలు ఆపండని పట్టుబట్టింది. అందుకే యూసఫ్ సంతకం చేసిన కాగితం లేదు, వీడియో లేదు. మిగతా నలుగురివీ వీడియో తీశారు.

ఆ వీడియోల్లో ఒకడి మాటకీ ఇంకొకడి మాటకీ పొంతన లేదు. ఎక్కడ జరిగిందో ఒక్కొక్కడు ఒక్కోలా చెప్పాడు. ఎవరేం చేశారో ఒక్కొక్కడిదీ ఒక్కో కథ. ఆమె మీద దొరికిన వీర్యం డిఎన్ఏ ఐదుగురిలో ఒక్కడిది కూడా కాదు! ఆ సంగతి విచారణకు ముందే ప్రభుత్వ లాయర్లకు తెలుసు. తెలిసీ నడిపించారు. 1990లో రెండు విచారణలు జరిగాయి. ఐదుగురూ దోషులే అన్నారు. నలుగురికి ఐదు నుంచి పదేళ్లు, కోరీకి ఐదు నుంచి పదిహేనేళ్లు!

ఊరంతా అప్పటికే తీర్పు చెప్పేసింది. దాడి జరిగి రెండు వారాలైనా కాకముందే, మే 1న, డొనాల్డ్ ట్రంప్ నాలుగు పేపర్లలో పేజీ నిండా ప్రకటన వేయించాడు. మరణశిక్ష మళ్లీ తేవాలట! అప్పటికి విచారణ మొదలే కాలేదు. పేపర్లు ఆ పిల్లల్ని తోడేళ్ల మంద అని రాశాయి. పద్నాలుగేళ్ల పిల్లాణ్ణి తోడేలంటే ఇక నిజానిజాలు ఎవడు చూస్తాడు?

అసలు దోషి మటియాస్ రేయెస్. ఆ రాత్రి తర్వాత దర్జాగా బయట తిరిగాడు. ఆ వేసవిలోనే ఇంకా ఆడవాళ్లను చెరిచాడు. కడుపుతో ఉన్న ఒక ఆమెను చంపేశాడు. ఆమె ప్రాణానికి ఎవరు జవాబుదారి? అమాయకుల్ని లోపలేస్తే దోషి బయట ఉంటాడు. ఆడపిల్లలకు న్యాయం కావాలి అనే ప్రతి ఒక్కరూ ఈ మాట గట్టిగా పట్టుకోవాలి.

2002లో రేయెస్ తానే నోరు విప్పాడు. నేనొక్కణ్ణే చేశాను అన్నాడు. డిఎన్ఏ సరిపోయింది. ఆ ఏడు డిసెంబర్ 19న శిక్షలు కొట్టేశారు. అప్పటికి ఐదుగురూ ఆ కేసులో శిక్ష అనుభవించేశారు, రేప్ చేసినవాళ్లన్న ముద్రతో బతుకుతున్నారు. పెరోల్ బోర్డు అడిగినా ‘మేం చేయలేదు’ అనే చెప్పారు. 2014లో న్యూయార్క్ నగరం 4 కోట్ల 10 లక్షల డాలర్లిచ్చి కేసు తేల్చుకుంది. తప్పు మాత్రం ఒప్పుకోలేదు! పిల్లల చేత చేయని తప్పు ఒప్పించిన నగరం, తాను చేసిన తప్పు ఒప్పుకోదు!

ఎప్పటిదో పాత కథ అంటారా? ఇంకా పాతదుంది. 1944, సౌత్ కరోలినా. జార్జ్ స్టినీ, 14 ఏళ్ల నల్లపిల్లాడు. పన్నెండుమంది తెల్ల మగవాళ్ల జ్యూరీ పది నిమిషాల్లో దోషి అని తేల్చేసింది. కరెంటు కుర్చీలో చంపేశారు. 2014లో, డెబ్భై ఏళ్ల తర్వాత, ఆ తీర్పు చెల్లదన్నారు. ఎవరికి చెప్పాలి ఆ మాట? ఆల్‌ఫ్రెడ్ చెస్ట్‌నట్, రాన్సమ్ వాట్కిన్స్, ఆండ్రూ స్టీవార్ట్ బాల్టిమోర్ పిల్లలు. 1983లో పట్టుకున్నప్పుడు ముగ్గురికీ 16. చేయని హత్యకు 36 ఏళ్లు జైలు! 2019 నవంబర్‌లో విడుదలయ్యారు. అది నిన్నటి మాట. బడికెళ్లాల్సినవాళ్లు నెరిసిన జుట్టుతో బయటికొచ్చారు.

ఏదో పొరపాట్లు అనుకోకండి. అమెరికా జనాభాలో నల్లవాళ్లు నూటికి పద్నాలుగు మంది కూడా లేరు. తప్పుడు శిక్ష పడి తర్వాత నిర్దోషులని తేలినవాళ్లలో సగానికి పైగా వాళ్లే. తప్పుడు హత్య కేసులో శిక్ష పడే ప్రమాదం అమాయకుడైన తెల్లవాడికన్నా అమాయకుడైన నల్లవాడికి ఏడు రెట్లు ఎక్కువ. ఇది నిర్దోషుల జాతీయ రిజిస్ట్రీ 2022లో తేల్చిన లెక్క. ఏడు రెట్లు! దీన్ని పొరపాటంటారా?

ఇప్పుడు మన సంగతికొద్దాం. మనలో కొందరేమంటారో అందరికీ తెలుసు. ‘నల్లోళ్ల ఏరియా, అటెళ్లకు.’ ‘వాళ్లంతే.’ ‘మన పిల్లలు అలాంటివాళ్లు కాదు.’ డిన్నర్ టేబుల్ దగ్గర, పిల్లలు వింటుండగానే అంటాం. హార్లెం తల్లులు పెంచిన పిల్లలూ అలాంటివాళ్లు కాదు! ఆ మాట నోటికి రావడం ఆగితే తప్ప మన పిల్లల్ని కాపాడుకోలేం.

2023 జనవరిలో సియాటిల్‌లో పోలీసు కారు గుద్ది మన కర్నూలు జిల్లా అమ్మాయి చనిపోయింది. పైచదువుకొచ్చిన పిల్ల. గంటకి 25 మైళ్లు దాటకూడని రోడ్డు మీద ఆ కారు 70కి పైగా పోయింది. ఇంకో పోలీసు ఫోన్లో నవ్వుతూ, ఆమె విలువ అంతంతేనని, చెక్కు రాసిస్తే సరిపోతుందని మాట్లాడిన గొంతు లోకమంతా విన్నది. మనం ఏడ్చాం. మన రంగు ఎంతకు తూగుతుందో ఆ రోజు చూశాం కదా! హార్లెం తల్లులకు అది ఎన్నో తరాలుగా తెలుసు. వాళ్ల బాధా మన బాధా ఒకటే.

ఒక ముఖ్యమైన తేడా చెప్తాం, జాగ్రత్తగా వినండి. మన దేశంలో స్టేషన్‌లో ఒప్పించడం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కానీ పోలీసుల ముందు ఒప్పుకున్నది మామూలుగా అక్కడ కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. 1872 నాటి చట్టం నుంచీ అంతే. అమెరికాలో చెల్లుతుంది! ఇక్కడ గదిలో కెమెరా ముందు పిల్లాడు అన్న మాటే వాడి మెడకు ఉరి. పైగా పోలీసు అబద్ధమాడి ఒప్పించినా, ఆ ఒక్క కారణంతో ఆ ఒప్పుకోలు కొట్టేయక్కర్లేదని సుప్రీంకోర్టు 1969లోనే చెప్పింది. ఆ కేసులో పోలీసులు చెప్పిన అబద్ధమేంటో తెలుసా? ‘నీ కజిన్ ఒప్పేసుకున్నాడు’!

కాబట్టి ఈ రాత్రే పిల్లల్ని కూర్చోబెట్టండి. నాలుగు ముక్కలు నేర్పండి: ‘ఐ వాంట్ ఎ లాయర్.’ గట్టిగా! మర్యాద కోసం నసగొద్దు. ‘లాయర్‌తో మాట్లాడితే మంచిదేమో’ అని ఒకడు అంటే, అది లాయర్‌ను అడిగినట్టు కాదని 1994లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఊరికే మౌనంగా ఉన్నా చాలదు, మాట్లాడను అని నోటితో చెప్పాలి. ‘ఏమో’, ‘అనుకుంటా’ అనే మాటలు ఆ గదిలో పనికిరావు. పెద్దల ముందు నెమ్మదిగా మాట్లాడమని మనం నేర్పిన మర్యాదే వాళ్ల కొంప ముంచుతుంది. మీరు అక్కడుంటే మీరూ అదే చెప్పండి. పిల్లాడి చేత వివరణలు ఇప్పించకండి. డబ్బు లేకపోతే ప్రభుత్వమే లాయర్‌నివ్వాలి. ఇండియన్ పాస్‌పోర్టున్న పిల్లలైతే మన కాన్సులేట్‌కు కబురు పెట్టమని అడగొచ్చు.

చిన్న కేసే, తప్పు ఒప్పుకుంటే ఇంటికి పంపేస్తారని ఎవరన్నా సలహా ఇస్తే నమ్మకండి! ఈ దేశంలో శిక్షల్లో నూటికి తొంభైకి పైగా విచారణే లేకుండా అలా ఒప్పుకోళ్లతో పడేవే. ఆ ఒక్క సంతకంతో వీసా పోవచ్చు, గ్రీన్‌కార్డు పోవచ్చు, దేశం నుంచి పంపేయనూ వచ్చు. లాయర్ చెప్పకుండా ఏ కాగితం మీదా పెన్ను పెట్టకండి.

ఇక సిటిజన్‌షిప్ వచ్చిన అన్నలకు, అక్కలకు ఒక మాట. జ్యూరీ డ్యూటీ కాగితం రాగానే వాట్సాప్ గ్రూపులో ఏమని అడుగుతాం? ‘ఎలా తప్పించుకోవాలి?’ సిగ్గు పడాల్సిన ప్రశ్న! 1990లో మొదటి విచారణ జ్యూరీ పది రోజులు తర్జనభర్జన పడింది. అందులో ఒకడికి నమ్మకం కుదరలేదు. ఈ వీడియోలు ఒకదానితో ఒకటి కలవడం లేదే అన్నాడు. ఒక్కడే వాదించాడు. మిగతావాళ్లంతా మీద పడ్డారు. చివరికి అలిసిపోయి, ఇంటికి పోతే చాలని తలూపాడు. పన్నెండుమందీ ఒక మాట మీదుంటే తప్ప శిక్ష పడదు. అతని పక్కన ఇంకొకరు ఉంటే? ‘నువ్వు చెప్పేది నిజం, నేనూ నీతోనే’ అనే మనిషి ఇంకొకరు ఉంటే? ఆ ఇంకొకరు మీరే కావాలి. ఆఫీసు పనుందని కుర్చీ ఖాళీ చేస్తే అందులో ఎవడొచ్చి కూర్చుంటాడు?

ఓటు కూడా అంతే. న్యూయార్క్‌లో కౌంటీ డిస్ట్రిక్ట్ అటార్నీని ఎన్నుకునేది ఓటర్లే. ఎవరి మీద కేసు పెట్టాలో, ఎవరిని పెద్దవాళ్ల కోర్టుకు లాగమని అడగాలో నిర్ణయించేది ఆ ఆఫీసే. ప్రెసిడెంట్ ఎన్నికప్పుడు రాత్రంతా టీవీ ముందు కూర్చుంటాం. ఈ ఎన్నిక వచ్చిందీ పోయిందీ మనకు తెలియదు! ఓటు లేనివాళ్లు నోరు లేనివాళ్లు కాదు. ఫోన్ చేయండి. పోలీసులు ప్రశ్నించే ముందు 18 ఏళ్ల లోపు పిల్లలు లాయర్‌తో మాట్లాడి తీరాలనే బిల్లు ఏళ్ల తరబడి ఆల్బనీలో ఆగిపోతూ వచ్చింది. కాలిఫోర్నియాలో అది చట్టం. పిల్లల్ని ప్రశ్నించేటప్పుడు పోలీసులు అబద్ధాలాడి మోసం చేయకూడదని ఇల్లినాయ్ 2021లోనే చట్టం చేసింది. వాళ్లకు చేతనైంది మన రాష్ట్రాలకు చేతకాదా? మీ అసెంబ్లీ సభ్యుడి ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి. ఒకరు చేస్తే పక్కన పడేస్తారు. గుడికొచ్చే ప్రతి కుటుంబం చేస్తే పడేయలేరు!

యూసఫ్ సలామ్ 2023లో హార్లెం నుంచే నగర కౌన్సిల్‌కు గెలిచాడు. తనను లోపలేసిన ఊళ్లోనే నిలబడి గెలిచాడు. గెలిపించింది ఎవరు? ఓటేసిన ఇరుగుపొరుగు.

అన్నలారా, అక్కలారా! ఈ కాగితం చదివాక పక్కవాళ్లకివ్వండి. ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టండి. జ్యూరీ పిలుపొస్తే వెళ్లండి. ఈ రాత్రి అన్నాల దగ్గర పిల్లల చేత ఆ నాలుగు ముక్కలు పైకి చెప్పించండి. రేపు పొద్దున్నే ఫోన్ చేయండి!

— కొందరు తెలుగు తల్లిదండ్రులు