వెనక్కి తిప్పితే తప్పా?

రీలు అయిపోగానే ప్రొజెక్టర్ రూములో ఆపరేటరు ఏం చేసేవాడో తెలుసా మీకు? వెనక్కి తిప్పేవాడు! తిప్పకపోతే తర్వాతి ఆటకి సినిమా తోకనుంచి మొదలయ్యేది. డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చాక ఆ పని తప్పింది లెండి. అందుకేనేమో ఇప్పటి కుర్రకారుకి వెనక్కి తిప్పడమంటే మహా నామోషీ. "ఇంకా పాత వెర్షనేనా అన్నా?" అని మొహం మీదే నవ్వేస్తారు.

నేనూ అలా నవ్వినవాణ్ణే. 2023 వేసవిలో ఒక రాత్రంతా ఫ్లెక్సీ షాపులో జాగారం చేశాక నవ్వడం మానేశాను. ఆ కథే ఈ వారం.

* * *

మావూళ్లో మా హీరో పాత సినిమా ఒకటి 4కె ప్రింటుతో మళ్లీ రిలీజవుతోంది. ఏ హీరో అని అడక్కండి. చెబితే మీలో సగంమంది ఈ పేజీ చింపేస్తారు, మిగతా సగం ఫ్రేము కట్టించుకుంటారు. రెండూ నాకు చిక్కే!

హాలు ముందు పన్నెండడుగుల ఫ్లెక్సీ కట్టాలని తీర్మానం. పైన హీరో నిలువెత్తు బొమ్మ, కింద అభిమాన సంఘం వాళ్ల మొహాలు. ఇదంతా మామూలే. అయితే ఈసారి మధ్యలో ఒక మొహం మాత్రం పెద్దదిగా ఉండాలన్నారు అందరూ. అతను మాతో పదిహేనేళ్లు తిరిగినవాడు. ప్రతి రిలీజుకీ సరుగుడు బాదులెక్కి కటౌట్‌కి దండ వేసేది అతనే. ఓసారి అలా ఎక్కినప్పుడు బాదు తగిలి ఎడమ కనుబొమ్మ చీలింది. ఆ గాటు అలాగే ఉండిపోయింది. "ఇది మా హీరో ఇచ్చిన మెడల్" అని చూపించుకు తిరిగేవాడు. 2021లో కరోనా రెండో దెబ్బకి పోయాడు.

అతని ఫొటోలన్నీ గుంపులో ఈలలు వేస్తున్నవే! మొహం సరిగ్గా కనపడేది ఒక్కటే దొరికింది. పాస్‌పోర్టు సైజుది. పైన స్టేప్లర్ పిన్ను చిల్లు, పక్కన తేమ మరక. వాళ్లమ్మగారు బియ్యం డబ్బాలో దాచుకున్నది తీసి నా చేతిలో పెట్టింది. "జాగ్రత్త బాబూ, ఇదొక్కటే ఉంది" అంది.

షాపులో డిజైన్లు చేసే తమ్ముడు చేయి తిరిగినవాడు. కళ్లు తెర మీద, వేళ్లు కీబోర్డు మీద, నోరు మనతో కబుర్ల మీద! అలాంటివాడు ఆవేళ బిక్కమొహం వేసుక్కూచున్నాడు. ఏమిటయ్యా అంటే, మధ్యాహ్నం ఆ ఫొటోల సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఎక్కించాడట. ఎక్కించేటప్పుడు 'పాతది తీసెయ్యమంటారా' అని ఓ మూల చిన్న టిక్కు ఉంది. సినిమాకి ముందు వేసే పొగతాగరాదు ప్రకటనలాంటిది అది. అందరూ చూస్తారు, ఒక్కరూ పట్టించుకోరు. మనవాడూ అంతే. పాతది కాస్తా పోయింది.

ఇక చూడండి తమాషా! మనం ఊరెళ్లి వచ్చేసరికి ఎవరో మన వంటిల్లు సర్దేసినట్టుంది. ఉప్పు డబ్బాలో పంచదార, పంచదార డబ్బాలో ఆవాలు. పదేళ్లుగా కూడబెట్టుకున్న బ్రష్షులు ఈ కొత్తదాన్లోకి రాలేదు. అలవాటు ప్రకారం ఓ మీట నొక్కి లాగితే మా హీరో మొహం బూరెలా ఉబ్బింది. వెనక నిలబడ్డ అభిమానులు గగ్గోలు పెట్టేశారు. టైము రాత్రి పదకొండు. తెల్లారి అయిదింటికల్లా ఫ్లెక్సీ హాలు ముందుండాలి.

పాస్‌పోర్టు ఫొటో దిద్దడానికి తను వాడే పనిముట్టు కనపడలేదు. కనపడిందల్లా కొత్తగా వచ్చిన ఒక బటన్. మొహాన్ని దానంతటదే బాగుచేస్తుందట. నొక్కాడు. మరక మాయం! పిన్ను చిల్లు మాయం! చర్మం పౌడరు పూసినట్టు నున్నగా వచ్చింది. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ ఉత్సాహంలోనే వాళ్లమ్మగారికి ఫోన్లో బొమ్మ పంపాను. నిద్రపోలేదు కాబోలు, వెంటనే ఫోను చేసింది.

"ఎవరు బాబూ ఈ అబ్బాయి? బావున్నాడు. మావాడి ఫొటో ఎప్పుడు పంపుతావు?"

అప్పుడు చూశాం. కనుబొమ్మ మీద గాటు లేదు. కళ్లు కూడా ఓ పిసరు పెద్దవయ్యాయి. పోలిక ఉంది, మనిషి లేడు.

తమ్ముడు మౌసు మీంచి చెయ్యి తీసేశాడు. "అన్నా, పాత వెర్షనే మళ్లీ ఎక్కిస్తాను" అన్నాడు.

"ఇప్పుడా? వెనక్కా?" అని అరిచిన బుద్ధిమంతుణ్ణి నేనే.

* * *

పాతది ఎక్కేలోగా ఓ ఫ్లాష్‌బ్యాక్.

ఫొటోలు దిద్దే విద్యకీ సినిమాకీ దగ్గర చుట్టరికం ఉంది. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న థామస్ నోల్ 1987లో తన మ్యాకింటోష్ కంప్యూటర్ కోసం బొమ్మలు చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసుకున్నాడు. అతని తమ్ముడు జాన్ నోల్, జార్జ్ లూకాస్ పెట్టిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్‌లో పనిచేసేవాడు. స్టార్ వార్స్ మాయలన్నీ చేసిన కంపెనీ అదే. అన్నదమ్ములిద్దరూ కూచుని ఆ ప్రోగ్రామును పెంచి పెద్దచేశారు. 1990 ఫిబ్రవరిలో అడోబీ కంపెనీ దాన్ని ఫొటోషాప్ పేరుతో మార్కెట్లోకి వదిలింది. అంతకుముందే, 1989లో వచ్చిన జేమ్స్ కామెరాన్ 'ది ఎబిస్'లో, నీళ్లతో చేసిన పాములాంటి ఆకారం హీరోయిన్ ఎదుట తలెత్తి నిలబడే సీను కోసం దాన్ని వాడారు. ఆ తమ్ముడు నోల్ తర్వాత 'పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్' రెండో భాగానికి 2007లో ఆస్కార్ కూడా అందుకున్నాడు.

ఇక్కడే ఓ విశేషం. అంత గొప్ప ఫొటోషాప్‌లోనూ మొదట్లో చేసిన తప్పు దిద్దుకోవాలంటే ఒక్క అడుగే వెనక్కి వెళ్లనిచ్చేది. రెండడుగులు వెనక్కి కావాలంటే దేవుడే దిక్కు! 1998లో 5.0 వెర్షన్‌తో 'హిస్టరీ' వచ్చాకే నాలుగైదు అడుగులు వెనక్కి నడిచే స్వేచ్ఛ దొరికింది. 2018 అక్టోబరులో కంట్రోల్-జెడ్ పద్ధతి మార్చి, ఎన్నిసార్లు నొక్కితే అన్ని అడుగులు వెనక్కి పోయేలా చేశారు. బాగానే ఉంది. కానీ పాత పద్ధతికి అలవాటుపడ్డ వేళ్లు ఏమైపోవాలి? అందుకని పాత పద్ధతే కావాలనేవాళ్లకి సెట్టింగుల్లో ఓ టిక్కు కూడా పెట్టారు. చూశారా! వెనక్కి వెళ్లే దారి ఉంచడం చిన్నతనం కాదు, పెద్దమనిషితనం.

అంతకంటే పెద్ద ముచ్చట 2015 నాటిది. ఫొటోగ్రాఫర్లు వాడే లైట్‌రూమ్‌కి ఆ అక్టోబరులో కొత్త వెర్షన్ వచ్చింది. కెమెరాలోంచి ఫొటోలు కంప్యూటర్లోకి దించుకునే తెరను, కొత్తగా నేర్చుకునేవాళ్లకి సులువుగా ఉండాలని మార్చేశారు. ఉద్దేశం మంచిదే. కానీ పాతకాపులు రోజూ వాడే సదుపాయాలు కొన్ని ఎగిరిపోయాయి. పైగా ప్రోగ్రాము మాటిమాటికీ ఆగిపోసాగింది. పెళ్లి ఫొటోలు తీసుకొచ్చినవాడికి ఎలా ఉంటుందో ఊహించుకోండి! గోలగోల అయింది. చివరికి అడోబీవాళ్లే బహిరంగంగా క్షమాపణ చెప్పారు. వెనకటి వెర్షన్‌కి ఎలా వెళ్లాలో వాళ్లే వివరంగా రాసి పెట్టారు. నవంబరులో వచ్చిన తర్వాతి వెర్షన్లో పాత తెరనే తిరిగి పెట్టేశారు. కొన్నవాడు వెనక్కి నడిస్తే, అమ్మినవాడూ వెనకే నడవాల్సి వచ్చిందన్నమాట.

మన సంగతి మాత్రం? 'మాయాబజార్' 1957లో నలుపు తెలుపుల్లో వచ్చింది. 2010లో రంగులద్ది మళ్లీ విడుదల చేశారు. పిల్లలు రంగుల్లో చూసి మురిసిపోయారు. తాతయ్యలు నలుపు తెలుపే మా ప్రాణం అన్నారు. పేచీ ఎందుకు రాలేదంటే, రంగులది వచ్చిందని పాత ప్రింటును ఎవరూ తగలబెట్టలేదు! నేను చెప్పే మాటంతా అదే. కొత్తది రానివ్వండి, పాతదాని తలుపు మాత్రం మూసెయ్యకండి.

* * *

మళ్లీ షాపులోకి వద్దాం.

అదృష్టం కొద్దీ పాత వెర్షన్ ఓ హార్డ్‌డిస్కులో ఉంది. ఎక్కింది. తమ్ముడి మొహంలో వెలుగొచ్చింది. కానీ వెనక్కి వెళ్లడానికీ టిక్కెట్టు ఉంటుంది మరి! కొత్తదాన్లో సాయంత్రంనుంచి చేసిన ఫైలు తెరిస్తే, ఇందులో కొంత భాగం నాకు అర్థం కావడం లేదు పొమ్మంది పాతది. నాలుగ్గంటల పని గంగలో కలిసింది. మొదటినుంచీ చెయ్యాల్సిందే. కాకపోతే పాస్‌పోర్టు ఫొటోని స్కాన్ చేసింది, ఎవరూ ముట్టుకోనిది, వేరే పెట్టి ఉంచాడు. అదే మమ్మల్ని కాపాడింది.

ఇక మాటల్లేవు. వేళ్లు వాటంతటవే నడిచాయి. పిన్ను చిల్లు పూడ్చాడు. పక్కనున్న రంగే కొంచెం కొంచెం తెచ్చి మరక మీద అద్దాడు. కనుబొమ్మ దగ్గరికొచ్చి ఆగాడు.

"ఇది ఉంచెయ్యనా అన్నా?"

"ఉంచు" అన్నాం నలుగురమూ ఒక్కసారే.

రెండు దాటాక ఆవిడకి బొమ్మ పంపాను. చాలాసేపు జవాబు లేదు. తర్వాత ఫోను మోగింది.

"వాడికి దండ వెయ్యకండి బాబూ. దండలు వేసేది వాడు కదా" అంది. ఇంకేం అనలేదు. మేమూ అనలేదు.

* * *

ఇదంతా విని పాతదే బంగారం అని చాటింపు వెయ్యకండి. కొత్త వెర్షన్లో మంచి ఉంటుంది. గంట పని నిమిషంలో అవుతుంది. పైగా ఏళ్ల తరబడి పాతదాంట్లోనే కూచుంటామంటే కంపెనీలూ ఊరుకోవు. అడోబీ 2013లో నెలనెలా అద్దె పద్ధతికి మారిపోయింది. 2012 నాటి సీఎస్6 తర్వాత ఫొటోషాప్‌ని ఒక్కసారి డబ్బు కట్టి సొంతం చేసుకునే వీలు పోయింది. 2019లో, మరీ పాత వెర్షన్లు వాడడానికి ఇక అనుమతి లేదని అద్దెదారులకి కబురు కూడా పెట్టింది. కాబట్టి వెనక్కి వెళ్లేదారి ఎంతదాకా ఉందో ముందే చూసుకోవాలి.

మనవాడు ఆ రాత్రి నేర్చుకున్న పాఠాలు గోడకి అంటించుకున్నాడు. రిలీజుకి ముందురోజు అప్‌డేట్ నొక్కరాదు. కొత్తది చేతికి అలవాటయ్యేదాకా పాతది తీసెయ్యరాదు. బ్రష్షులూ సెట్టింగులూ ముందే వేరేచోట కాపీ చేసి పెట్టుకోవాలి. అసలు ఫొటోని ముట్టుకోకూడదు, దాని కాపీ మీదే పని చెయ్యాలి. కింద ఎర్ర సిరాతో ఇంకోటి నేను రాయించాను. 'దొంగ కాపీ వాడరాదు.' పైరసీ ప్రింటు కనపడితే థియేటర్ దద్దరిల్లేలా అరిచే అభిమానులం, ఫ్లెక్సీ మాత్రం పైరసీ సాఫ్ట్‌వేర్లో చేయించుకుంటే మన హీరో మొహం ఎలా చూస్తాం చెప్పండి?

మొన్న అటు వెళ్తే తొంగిచూశాను. కంప్యూటర్ తెర మీద రెండు వెర్షన్లూ పక్కపక్కనే ఉన్నాయి. హీరోగారి కొత్త సినిమా ఫ్లెక్సీ కొత్తదాంట్లో చకచకా తయారవుతోంది. ఎవరో పెద్దాయన తండ్రిగారి పాత ఫొటో పట్టుకుని నిలబడ్డాడు. తమ్ముడు దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, ఆయన్ని ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఇందులో చెరపకూడనిది ఏమిటి బాబాయ్?"

పెద్దాయన చెప్పాడు. తమ్ముడు పాతదాన్ని తెరిచాడు.

వచ్చేవారం మళ్లీ కలుద్దాం. ఈలోగా ఎవరైనా మీచేత అప్‌డేట్ నొక్కించబోతే, ఆ మూలనున్న చిన్న టిక్కు ఓసారి చూసుకోండేం!