చావని డాంగిలుకు చావు చీటీ

ఇంటి దీపములకును కంప్యూటరుకును నడుమ జిగ్‌బీ వార్తలు మోయు యూఎస్‌బీ డాంగిల్, ఫర్మ్‌వేర్ మార్పు నడుమ కరెంటు పోయినచో మూగవోవును. అంతమాత్రమున చచ్చినదని పారవేయుట తొందరపాటు. సీసీ2652పి చిప్పులో బూట్‌లోడరు చెరగని రీడ్ ఓన్లీ మెమరీలో ఉన్నది; చెడినది ఫ్లాష్ మెమరీలోని రాత మాత్రమే. పలక మీది రాత చెరిగిన పలక పగిలినట్లా? బూట్ మీట నొక్కిపట్టి డాంగిలును కంప్యూటరుకు తగిలించినచో, సాధారణముగా చిప్పు కొత్త రాతకు సిద్ధమగును. ఆ మీటను కొందరు తయారీదారులు మరలు విప్పిన గాని కానరాని చోట దాచుట మాత్రము సమర్థనీయము కాదు. గృహస్థుడు స్క్రూడ్రైవరు పట్టవలెనా? పాత సీసీ2531కు ఆ బూట్‌లోడరే లేదు. డీబగ్గరను వేరు పరికరము కావలెను. ఇక నెట్‌వర్క్ వివరముల ప్రతిని ముందే తీసి ఉంచనిచో, చిప్పు బ్రతికినను ప్రతి దీపమును మరల జతపరుపవలసి రావచ్చును.