ఓడ క్రింది గాలిపరుపు

మన విద్యార్థులు విజ్ఞానప్రదర్శనమునకు కంప్యూటరుపై గీసిన రంగురంగుల చిత్రములను తెచ్చుచున్నారు. వానిని జూచి తలిదండ్రులు సంతసించుచున్నారు, మేమును సంతసించుచున్నాము. కాని యీ చిత్రములో కొలిచినదెంత, ఊహించినదెంత యని యడుగువారు మాత్రము కనబడరు. ఈ ప్రశ్న యెంత ముఖ్యమో ఓడల నిర్మాణమునుండి యొక యుదాహరణముచే జూపదలంచితిమి.

పెద్ద యోడ మెల్లగా పోవునపుడు దానిని వెనుకకు లాగునది ముఖ్యముగా నీటి యొరపిడి. గాలి నీటికంటె సుమారు 800 రెట్లు తేలిక. కావున ఓడ యడుగునకును నీటికిని నడుమ గాలిని పరచినచో ఇంధనము మిగులును గదా యని శిల్పులు తలంచిరి. అడుగున బోర్లించిన పళ్లెమువంటి గుంటను చేసి యందు గాలిని నింపుట యొక విధము. అయితే ఆ గాలి ఊరక రాదు. నీటిలో 10 మీటర్ల లోతున ఒత్తిడి పైనున్న దానికి ఇంచుమించు రెట్టింపు. అంత ఒత్తిడితో గాలిని త్రోయు యంత్రమునకును ఇంధనము కావలయును. ఒరపిడిలో మిగిలినదానినుండి దీనిని తీసివేసినగాని నిజమైన లాభము తేలదు. లెక్క కొంచెము తప్పినను, ఓడ బ్రదికినన్నాళ్లు యజమానుడు నష్టపడవలసినదే.

కంప్యూటరు నీటిని లక్షలకొలది చిన్న గడులుగా విభజించి, ప్రతి గడియందును వేగమును, ఒత్తిడిని నేవియర్, స్టోక్సు అనువారి సమీకరణములచే గణించును. ఒక్క కొయ్యనైనను చెక్కకయే నూరు విధములైన యడుగులను పోల్చి చూడవచ్చును. ఇది గొప్ప వరమే, మేము కాదనము. కాని గుంటలోని గాలి యంచున చీలి బుడగలై పోవుచోట బుడగలు గడులకంటె చిన్నవి. అచ్చట యంత్రము లెక్కింపక ఊహించును. ఆ యూహను దానికి నేర్పినవాడు మనుష్యుడే. తెరపై మాత్రము లెక్కయు నూహయు ఒకే రంగులలో మెరయును.

అట్లైన చిన్న నమూనాయోడనే నమ్ముదమందురా? అదియు బొంకగలదు. ఓడలో 25వ వంతు నమూనాను తొట్టిలో లాగునపుడు, అలలు సరిపోలుటకై వేగమును 5వ వంతు చేయుదురు. అలలు సరిపోలును, ఒరపిడి సరిపోలదు. బుడగయు 25వ వంతు కాదు, తన పరిమాణమున తానుండును. నమూనాయడుగున 2 మిల్లీమీటర్ల బుడగ, ఓడ కొలతలో 5 సెంటీమీటర్ల బుడగ వంటిది! ఇచ్చట కంప్యూటరుదే పైచేయి. అది పూర్తి పరిమాణముననే గణింపగలదు. కావున ఒకదాని తప్పును మరియొకటి పట్టుకొనవలయును.

ఇంగ్లండులో టార్కీయొద్ద నీటితొట్టి కట్టించి నమూనాలను లాగిన విలియం ఫ్రూడు ఈ ధర్మము నెరిగినవాడు. అలల నిరోధమును, ఒరపిడిని వేరుచేసి గణించినవాడాయనయే. అయినను తన లెక్కతో తృప్తి చెందక, గ్రేహౌండు అను నిజమైన యుద్ధనౌకను సముద్రముపై మరియొక యోడచే లాగించి, బలమును కొలిచి, ఫలితములను 1874లో ప్రకటించెను. కంప్యూటర్లెన్ని వచ్చినను తొట్టెలు పూడిపోలేదు. మన విశాఖపట్టణముననే, నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లాబొరేటరీయందు, 500 మీటర్ల పొడవుగల తొట్టి గలదు.

మాకంత తొట్టి యేల దొరకునని బాలురనవచ్చును. క్రిస్టఫర్ కాకెరెల్ 1955 ప్రాంతమున ఒక డబ్బాలో మరియొక డబ్బా నుంచి, వాని సందున గాలి నూది, వంటయింటి త్రాసుపై దాని బలమును తూచెను. ఆ త్రోవనే గాలిపరుపుపై పోవు వాహనము సిద్ధమై, 1959 జూలై 25వ తేదీన ఇంగ్లీషు ఛానలును దాటెను. వచ్చు సంవత్సరపు ప్రదర్శనమున ప్రతి కంప్యూటరు చిత్రము ప్రక్కను ఒక త్రాసో, తొట్టియో, గడియారమో యుండవలయునని ఉపాధ్యాయులను కోరుచున్నాము. రెండును పొసగని చోట ఆ తేడా యెంతో విద్యార్థి చిత్రము క్రిందనే వ్రాయవలయును. అట్లు వ్రాసినవానికి మార్కులు తగ్గింపరాదు.