చాపకూడు లేని సభ

పల్నాటి సీమలోని యొక చిన్న పట్టణమున శీతకాలపు శనివారములందు జానపద గానసభలు జరుగుచున్నవని విని మేము మిక్కిలి సంతసించితిమి. కల్యాణమండపమునకు మామిడితోరణములు కట్టిరి. వాకిట ముగ్గులు పెట్టిరి. ఒక శనివారము కోలాటము, ఒక శనివారము తోలుబొమ్మలాట, మరియొక శనివారము బుర్రకథ, కడపటి శనివారము పల్నాటి వీరగాథ యని కరపత్రములు పంచిరి. సినిమాపాట తప్ప వేరొకటి చెవిని బడని యీ దినములలో నింతమాత్రపు పూనికయే గొప్పదని తలచి చందా వ్రాసినవారిలో మేమును గలము. కావున నిచట వ్రాయబోవునది పగవాని మాట గాదు, ఇంటివాని మాట. ఆ సభవారి పేరు మేము చెప్పము. చెప్పినయెడల దోషము వారి కొక్కరికే యంటును. తక్కిన యూళ్లవారు తమ తమ సభలను దలచుకొని నిశ్చింతగా నిద్రపోవుదురు.

కడపటి శనివారమునాడు జరిగినది చెప్పెదము. ముందుగా ప్రార్థన, పిమ్మట దీపము వెలిగించుట, ఆ పిమ్మట పెద్దమనుష్యుల యుపన్యాసములు నాలుగు. ఆ నాలుగును "మన మూలములు" అను మాటతో మొదలై యా మాటతోనే ముగిసినవి. తరువాత నగరమునుండి వచ్చిన లలితసంగీత బృందమువారు కీబోర్డుతోడను, ప్యాడులతోడను గంటన్నరసేపు జానపద గీతములని పాడిరి. రాత్రి తొమ్మిదిన్నర గంటలకు, సగము కుర్చీలు ఖాళీయైన తరువాత, వీరవిద్యావంతులను వేదికపైకి బిలిచిరి. వారు ముగ్గురు. కథకునికి డెబ్బది యేండ్లుండును. పంబ వాయించువాడొకడు, తిత్తి పట్టినవాడొకడు. మధ్యాహ్నమే వచ్చి వంటశాల వెనుక వేపచెట్టు క్రింద గూర్చుండియున్నవారు. కార్యదర్శిగారు మైకు సరిచేయుచు, "ఏమయ్యా, ఇరవై నిమిషాలు. చాపకూడు ముక్క ఒక్కటే పాడండి, అందరికీ నచ్చేది అదే" అనిరి. ముసలాయన, "ముందు కథ చెప్పకుండా చాపకూడు ఎట్టా వస్తదయ్యా?" అనెను. "ఎట్లాగో తెప్పించు" అని కార్యదర్శిగారు నవ్విరి.

ఆయన తెప్పించెను. పదునెనిమిదవ నిమిషమున గంట మ్రోగినది. బ్రహ్మనాయుడు చాప పరపించెను గాని, దానిమీద నెవ్వరును గూర్చుండి యొక ముద్దయైనను తినకముందే పాట యాగినది.

శాలువలు కప్పిరి. ఛాయాచిత్రములు తీసికొనిరి. పిమ్మట భోజనములు. ఉపన్యాసకులకు, బృందమువారికి, చందాదారులమైన మాకు మేడమీద బల్లలు వేసి యరటియాకులలో వడ్డించిరి. వీరవిద్యావంతులకు పొట్లములు కట్టి వేపచెట్టు క్రిందికి బంపిరి. "వారికి అక్కడే సుఖము, మొగమాటము లేకుండ తిందురు" అని ప్రక్కనున్న పెద్దమనిషి యొకరు మేమడుగకయే చెప్పిరి. మేము తింటిమి. ఆ సంగతి దాచుకొనము. మూడవ ముద్ద నోట బెట్టుకొనునపుడు గాని మాకు తోచలేదు: అంతకు ముప్పావుగంట ముందు మేమందరము చప్పట్లు గొట్టినది చాపకూటికి గదా!

చాపకూడన నేమో పల్నాటివారికి జెప్పనక్కరలేదు. తక్కిన సీమలవారికొరకు చెప్పెదము. పండ్రెండవ శతాబ్దమున మాచర్లకును గురజాలకును వైరము పుట్టి, నాగులేటి యొడ్డున కారంపూడియొద్ద యుద్ధమై ముగిసినది. ఆ గాథలో మాచర్ల పక్షపు మంత్రి బ్రహ్మనాయుడు. మాలవాడైన కన్నమదాసును కొడుకుగా జూచుకొని సేనకు నాయకుని జేసెనని, కులములన్నిటివారిని ఒకే చాపమీద గూర్చుండబెట్టి యన్నము పెట్టించెనని కథ చెప్పును. నేటికిని కార్తిక బహుళ అమావాస్య మొదలు కారంపూడిలో నైదు దినములు వీరుల తిరునాళ్ల జరుగుచున్నది. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని యా దినములకు బేర్లు. వీరుల యాయుధములను కొణతాలని పిలిచి యూరూరనుండి తెత్తురు. మందపోరునాడు చాపకూడు నడుచును. ఈ గాథను తరతరములుగా నోట నిలుపుకొని పాడుచున్నవారు వీరవిద్యావంతులు. వారు మాలలు. అనగా నెవరి పాటవలన చాపకూడను మాట మన భాషలో బ్రదికియున్నదో వారినే మనము చాపనుండి లేపి చెట్టు క్రిందికి బంపితిమి.

మేమీ మాట యనగానే సభవారి పక్షమున మూడు సమాధానములు వచ్చినవి. అందు మొదటిది శ్రోతలకు నోపిక లేదనునది. ఓపిక లేకున్నచో మూడుగంటల సినిమాకు, దినమంతయు సాగెడి క్రికెట్టాటకు అది యెక్కడనుండి వచ్చుచున్నది? షేక్ నాజర్ బుర్రకథ చెప్పినప్పుడు గుంటూరు మండలపు రైతులు ప్రొద్దుపోవువరకు గూర్చుండి వినలేదా? పొన్నెకల్లు గ్రామమున బీదయింట బుట్టిన యా మహాకథకుడు ఈ పల్నాటి యుద్ధమునే కథగా జెప్పి వేలకొలది జనులను గదలనీయక కూర్చుండబెట్టినాడు. 1986లో ప్రభుత్వమాయనకు పద్మశ్రీ యిచ్చినది. ఆయనకు గంట కొట్టువారెవరును లేకుండిరి.

వీరగాథ కీర్తనవలె నొక పల్లవి, యొక చరణము పాడి ముగింపదగినది కాదు. కథకుడు ద్విపద నడకలో నొక చరణమెత్తును. వంతవాడు దాని తుదిమాట నందుకొనును. నడుమ వచనము. ఆ వచనములో నూరివారి పేర్లు, చెరువులు, పొలిమేరలు, వినువారి తాతల సంగతులు వచ్చి చేరును. పంబ మొదట మెల్లగా నడుచును. శ్రోత "ఊ" కొట్టుచుండగా దాని వడి హెచ్చును. బాలచంద్రుడు తల్లియొద్ద సెలవు గొనువేళకు నడిరేయి దాటును. అప్పుడు గాని యాతని యుద్ధమున కర్థము లేదు, ఎందుకనగా నప్పటికి మనమాతనితో నొక రాత్రి గడిపియుందుము. సుమారారువందల యేండ్ల క్రిందటి క్రీడాభిరామములో ఓరుగంటి వీథిలో నొకతె యీ వీరుల కథను ద్విపదలో బాడుచుండగా, వినుచున్న పడుచువాండ్రు అక్షరమక్షరమునకు నావేశముతో నూగిపోయిరని యున్నది. ఇరువది నిమిషములలో నెవడూగును? పాటగాడును ఊగడు. ఇరువది నిమిషముల పాటకు చప్పట్లు రాకపోగా, "చూచితిరా, జనులకు రుచి లేదు" అని సభవారు మరుసటి యేడు దానిని పదినిమిషములకు దింపుదురు. గొంతు నులిమి, వీనికి మాట రాదనుట యిదియే.

అమెరికానుండి వచ్చిన జీన్ రోగేరను పండితుడు, గాలెయ్య యను వీరవిద్యావంతుని యెదుట గూర్చుండి కథ నాసాంతము విని, వ్రాసికొని, యాంగ్లమున గ్రంథము చేసెను. అది 1982లో ఆక్స్‌ఫర్డువారి ముద్రణాలయమున వెలువడినది. దూరదేశపువానికి దొరికిన యోపిక కారంపూడికి కూతవేటు దూరమున నున్న మాకు దొరకలేదు!

రెండవ సమాధానము రుచినిగూర్చినది. పల్లెపాట మోటుగా నుండును గనుక, కొంత మెరుగుపెట్టి సభాయోగ్యము చేయవలెనట. లలితసంగీత బృందమువారు చేసిన దదియే. కూలిపాటలోని కూలిని, తిట్టుపాటలోని తిట్టును, తాగుబోతు మగనిమీద నాలు పాడిన పాటలోని కోపమును తీసివేసి చిరునవ్వుతో బాడిరి. పదమూడవ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు తుమ్మెదపదములు, వెన్నెలపదములు, గొబ్బిపదములు నని జనుల పాటల పేర్లను తన కావ్యమున గౌరవముగా నెత్తుకొనినాడు. వానిని మెరుగుపెట్టవలెనని యాతనికి దోచలేదు. మా కొక సందేహము గలదు. మోటు పాటలో నున్నదా, వినువాని చెవిలో నున్నదా? దీనినిగూర్చి యింతకంటె వ్రాయుట కాలము వ్యర్థము చేయుట.

మూడవది ధనము. చందాలు తక్కువట. చందాదారులమగుటచే మేము లెక్కలడిగి చూచితిమి. పూలదండలకైన వ్యయము వీరవిద్యావంతుల కిచ్చినదానికంటె నెక్కువగా నున్నది. బృందమువారికి ముందుగా మాట్లాడుకొనిన పారితోషికము. వీరికి దారిఖర్చులును శాలువలును. శాలువ గౌరవమే, కాదనము. అయితే దానిని కిరాణాకొట్టువాడు పుచ్చుకొనడు. పండ్రెండు మెట్ల కిన్నెరపై పండుగ సాయన్న కథను బాడి పేరొందిన దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చినది. 2024లో ఆయన హైదరాబాదు చెంత కట్టడపు పనిలో గూలికి బోవుచున్నారని పత్రికలలో వచ్చినది. పద్మశ్రీ పొందినవారికే యింత యైనప్పుడు, వేపచెట్టు క్రిందివారి మాట యడుగవలెనా?

ఇక మా సంస్కరణమిత్రులే యొక యాక్షేపణ తెచ్చిరి. అది తక్కినవానివలె త్రోసివేయదగినది కాదు. "ఈ పాట కులమునకు గట్టిన పాట. తండ్రి మాలవాడు గనుక కొడుకు పంబ పట్టవలెననుట బానిసత్వము గాక మరేమి? వారి పిల్లలు చదువుకొని యుద్యోగములకు బోవుచున్నారు. పాట పోయిన బోనిండు, మనుష్యులు బాగుపడిరి" అని వారి వాదము. ఇది విని మేము రెండు దినములు ప్రత్యుత్తరము చెప్పలేకపోతిమి. ఆ ముసలాయననే యడిగితిమి. ఆయన కొడుకు బస్సు కండక్టరు, మనుమడు పాలిటెక్నిక్కు చదువుచున్నాడు. "వాడు నేర్చుకోలా. నేనూ నేర్పలా. నన్ను ఒరేయ్ అని పిలిచినట్టు వాణ్ణి పిలవగూడదనుకున్నా" అనెను. మా మిత్రుల వాదమున కింతకంటె గట్టి సాక్ష్యము లేదు. అయినను ఆయన యంతటితో నాగలేదు. "మా వాడే నేర్చుకోవాలని ఏముంది? మీ పిల్లలు రాగూడదా?" అనెను.

మా మిత్రులకు మా యుత్తర మీ ప్రశ్నయే. పాటకు గులము గట్టినది పాట కాదు, మనము. 1919లో విజయనగరమున సంగీత కళాశాల నెలకొల్పి ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షునిగా నిలిపిరి. నాటినుండి యెందరో బిడ్డలు ఫిడేలు, వీణ నేర్చిరి. ఇప్పుడు మన పట్టణములలో వీథికొక సంగీతపు పంతులుగారున్నారు. పంబ నేర్పుట కొక గదియైన నెచ్చటనైన నున్నదా? అగ్రకులపు పిల్లవాడు మాల గురువు నెదుట చాపమీద గూర్చుండి, దక్షిణ యిచ్చి, "అయ్యగారూ" అని పిలిచి కథ నేర్చుకొనినచో నది యింకను బానిసత్వమగునా? ఆ పని చేయక, కొడుకులు మానివేసినారని యొకవైపు కన్నీరు గార్చుచు, మరియొకవైపు కులవృత్తి పోయినదని సంతోషించుచు కూర్చుండుట మావంటివారికి మిక్కిలి సులువుగా నున్నది.

ఆడుబిడ్డల సంగతియు నిచటనే చెప్పవలెను. ఓరుగంటి వీథిలో బాడినది స్త్రీ యని పైన జెప్పితిమి. తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన బెంగళూరు నాగరత్నమ్మ, ఆరాధనలో స్త్రీలు పాడు హక్కుకొరకు బహుకాలము పోరాడవలసివచ్చెను. ఆ పోరాటము శాస్త్రీయసంగీతమున గెలిచినది. మన సభలలోనో, ముందువరుసలలో నిండుగా నున్నవారు స్త్రీలు, వీరగాథకు వేదికమీద నొక్కతెయు లేదు. మా యింటి పిల్ల యొకతె యా రాత్రి తిరిగివచ్చుచు, "నేను పంబ నేర్చుకొందునా?" అని యడిగినది. ఇంటనున్న పెద్దలందరము నవ్వితిమి. ఆ నవ్వు సభలోని గంటకంటె మేలైనదని మేము చెప్పజాలము. ఇప్పుడా పిల్ల ఆదివారములు ముసలాయన యింటికి బోవుచున్నది. తాళములవరకు వచ్చినది.

ఈ సంవత్సరము మరల చందాపుస్తకము మా యింటికి వచ్చినది. సొమ్ము వ్రాయుటకు ముందు మూడు కోరికలు వ్రాసి పంపితిమి: కడపటి శనివారపు రాత్రి యంతయు వీరవిద్యావంతులకే విడువవలెను, బృందమువారికిచ్చు లెక్కననే వీరికిని ముందుగా మాట్లాడి యీయవలెను, భోజనమున కందరికి నొకటే వరుస యుండవలెను. కార్యదర్శిగారు మర్యాదస్తులు, నాలుగవనాడే ప్రత్యుత్తరము వ్రాసిరి. మండపము వేళలనుబట్టి మొదటిదానిని, చందాలనుబట్టి రెండవదానిని ఆలోచింతురట. మూడవది మాత్రము కమిటీలో బెట్టవలసిన విషయమట.

చందాపుస్తక మింకను మా బల్లమీదనే యున్నది.