అమ్మ మారుమనువును దాచొద్దు: ఇడుపు కాయితం, అమెరికా వీసా, మన వాడల పిల్లలు

నెక్కొండ మండలంలో ఏ మాదిగ వాడకు పోయినా, మాల వాడకు పోయినా ఈ కథ కొత్తది కాదు. ఒకామెకు పద్నాలుగేళ్లకే పెళ్లి చేశారు. మొగుడు తాగి కొట్టేవాడు, లేదా బతుకుదెరువుకు పోయి మళ్లీ రాలేదు. పుట్టింటివాళ్లు పెద్దమనుషులను కూర్చోబెట్టారు. ఇచ్చిపుచ్చుకున్నవి లెక్క చూశారు. ఇడుపు కాయితం రాసుకున్నారు. కొన్నిసార్లు అదీ లేదు, నోటిమాటే. కొన్నాళ్లకు ఆమె మారుమనువు చేసుకుంది. కూలికి పోయి, పిల్లలను సాంఘిక సంక్షేమ హాస్టల్లో వేసి చదివించింది. వాడలో ఎవరూ దీన్ని వింతగా చూడలేదు.

వింతగా చూసేది కాగితాల లోకం. ఆ పిల్లల్లో ఒకరు అమెరికా వెళ్లి, అక్కడి పౌరసత్వం తీసుకుని, ముసలి తల్లిని తన దగ్గరికి పిలిపించుకోవాలంటే ఐ-130 అనే దరఖాస్తు నింపాలి. ఆమెకు ఎన్నిసార్లు పెళ్లయింది, ఎవరితో, ఏ పెళ్లి ఎప్పుడు ముగిసింది అని అందులో అడుగుతారు. ఆ ప్రశ్న దగ్గర చెయ్యి ఆగిపోతుంది. "మొదటి పెళ్లి రాయకండి, అది ఎవరికి తెలుస్తుంది?" అనే సలహా చుట్టుపక్కల నుంచి సులువుగా దొరుకుతుంది. ఆ సలహా తప్పు, ప్రమాదం. అంతకుమించి, మన తల్లుల బతుకును మనమే నేరంగా ఒప్పుకోవడం.

చట్టం అడిగేది ఏమిటి?

అమెరికా పౌరసత్వం ఉండి 21 ఏళ్లు నిండినవాళ్లు తల్లిని, తండ్రిని పిలిపించుకోవచ్చు. ఈ వీసాలకు ఏడాదికి ఇన్నే అన్న పరిమితి లేదు. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవాళ్లకు ఈ హక్కు లేదు. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న నిబంధన వల్ల ఉద్యోగం మీద గ్రీన్‌కార్డు కోసం భారతీయులు ఏళ్లకేళ్లు ఎదురుచూస్తున్నారు. పౌరసత్వం చేతికొచ్చేసరికి తల్లిదండ్రులు ముసలివాళ్లవుతారు. అప్పటి పంచాయితీలో కూర్చున్న పెద్దమనుషులు చాలామంది పోయి ఉంటారు. మన కేసుల్లో ఆలస్యం అంటే సాక్ష్యం పోవడమే.

తల్లి విషయంలో చట్టం చూసేది ఒకటే: ఈ బిడ్డ ఈమె బిడ్డేనా? ఇద్దరి పేర్లూ ఉన్న జనన ధ్రువపత్రం దానికి ఆధారం. తల్లికి ఎన్ని పెళ్లిళ్లు అయ్యాయి, అసలు పెళ్లే కాలేదా అన్నదాని మీద ఈ సంబంధం ఆధారపడదు. జోగినిగా మార్చబడిన తల్లికి పుట్టిన బిడ్డకైనా ఇదే వర్తిస్తుంది. మన సుప్రీంకోర్టు కూడా 2015లో ఏబీసీ వర్సెస్ ఢిల్లీ ప్రభుత్వం కేసులో, పెళ్లికాని తల్లి అడిగితే తండ్రి పేరు లేకుండానే జనన ధ్రువపత్రం ఇవ్వాలని చెప్పింది. ఇంట్లో ప్రసవమై జననం నమోదు కాని బిడ్డలకు దారి మూసుకుపోలేదు. రికార్డు లేదని అధికారులిచ్చే పత్రం, బడి రికార్డులు, పుట్టుక తెలిసినవాళ్ల అఫిడవిట్లు, చివరికి డీఎన్ఏ పరీక్ష ఉన్నాయి.

అయితే ఒక మెలిక ఉంది. దరఖాస్తు ఆమోదం పొందాక, వీసా దశలో పాత పెళ్లిళ్లు ముగిసినట్టు పత్రాలు అడుగుతారు. ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో కాదు, ముంబయిలో. అక్కడ విడాకుల పత్రం ఏదని అడిగితే తల్లి తడబడుతుంది. మనం గుర్తుంచుకోవాల్సిన తేడా ఇది: పత్రం లేదని చెప్పి, ఎందుకు లేదో వివరించడం వేరు. పెళ్లే జరగలేదని చెప్పడం వేరు. మొదటిది లోటు. రెండోది అబద్ధం.

ఆచారానికి చట్టం ఉంది, కాగితం లేదు

హిందూ కోడ్ బిల్లు చర్చలో విడాకులు మన సంస్కృతికి విరుద్ధమని గోల చేసినవాళ్లకు అంబేద్కర్ సమాధానం చెప్పారు. శూద్ర కులాల్లో విడాకులు ఆచారంగా ఎప్పటి నుంచో ఉన్నాయని, పిడికెడు పైకులాల పద్ధతిని అందరి మీదా రుద్దలేరని ఆయన వాదన. బిల్లు ముందుకు సాగకపోవడం 1951లో ఆయన మంత్రి పదవికి రాజీనామా చేయడానికి ఒక ముఖ్య కారణం. తర్వాత వచ్చిన 1955 హిందూ వివాహ చట్టం రెండో పెళ్లిని నిషేధించినా, సెక్షన్ 29(2)లో ఆచారం ప్రకారం విడాకులు పొందే హక్కును కాపాడింది. అంటే మన వాడల్లో ఇడుపు చట్టానికి బయట జరిగిన పని కాదు.

కానీ ఆ ఆచారాన్ని నమోదు చేసే ఏర్పాటు ఏదీ ప్రభుత్వం చేయలేదు. పైగా, ఆచార విడాకులు సాధారణ చట్టానికి మినహాయింపు కాబట్టి, ఆ ఆచారం ఉందని, దాని ప్రకారమే విడిపోయారని చెప్పేవాళ్లే రుజువు చేయాలని సుప్రీంకోర్టు 2002లో యమనాజీ జాదవ్ వర్సెస్ నిర్మల కేసులో స్పష్టం చేసింది. హక్కు మనకిచ్చి, రుజువు భారాన్నీ మన నెత్తినే పెట్టారు. కోర్టుకు పోయి డిక్రీ తెచ్చుకున్న కుటుంబానికి ఈ బాధ లేదు. కోర్టు మెట్లెక్కే స్తోమత లేక పెద్దమనుషుల ముందు కూర్చున్న కుటుంబానికి మాత్రం ముప్పై, నలభై ఏళ్ల తర్వాత ముంబయిలో పరీక్ష.

నెక్కొండ చుట్టూ ఉన్న తండాల సంగతి ఇంకొంచెం వేరు. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప హిందూ వివాహ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని సెక్షన్ 2(2) చెబుతోంది. కాబట్టి లంబాడా కుటుంబాల్లో పెళ్లికీ, విడిపోవడానికీ వాళ్ల ఆచారమే ప్రధాన ఆధారం. అక్కడా చిక్కు కాగితందే.

రెండు అపోహలు తొలగించుకోవాలి. చిన్నప్పటి పెళ్లి లెక్కలోకి రాదనుకోవడం మొదటిది. బాల్యవివాహం చేయడం నేరమే కానీ, అంతమాత్రాన ఆ పెళ్లి దానంతటదే రద్దు కాదు. ఏడేళ్లు కనిపించకపోతే పెళ్లి తెగిపోయినట్టే అనుకోవడం రెండోది. ఏడేళ్లు ఆచూకీ లేకపోవడం విడాకులు కోరడానికి ఒక కారణం మాత్రమే. ఆ విడాకులు ఇచ్చేది కోర్టు.

ఆచార విడాకులను అమెరికా అధికారులు అసలే ఒప్పుకోరనేది కూడా నిజం కాదు. ఘనా దేశపు తెగల ఆచార పెళ్లి గురించి అక్కడి ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు 2008లో కోడ్వో కేసులో తీర్పు ఇచ్చింది. కోర్టు ఉత్తర్వు ఉంటే మంచిదే కానీ, తగిన వివరాలతో ఇరువైపుల కుటుంబ పెద్దలు ఇచ్చిన అఫిడవిట్లు కూడా సరిపోవచ్చని చెప్పింది. అది ఘనా చట్టం మీద వచ్చిన తీర్పు కాబట్టి మనకు నేరుగా వర్తించదు. కానీ ఆఫ్రికా ఆచారాన్ని వినగలిగిన చోట మాదిగ, మాల, లంబాడా ఆచారాన్ని వినిపించడం అసాధ్యం కాదని చెప్పడానికి అది చాలు.

తండ్రి, సవతి తండ్రి

తండ్రిని పిలిపించుకునేటప్పుడు మాత్రం పెళ్లి అడ్డంగా వస్తుంది. జనన ధ్రువపత్రంతో పాటు తల్లిదండ్రుల వివాహ పత్రం, అంతకుముందు పెళ్లిళ్లు ఉంటే అవి ముగిసిన పత్రాలు చూపాలి. మొదటి భార్యకు విడాకులు ఇవ్వకుండా తండ్రి రెండో పెళ్లి చేసుకుని ఉంటే, ఆ రెండో పెళ్లి చెల్లదు. అయినా బిడ్డకు దారి ఉంది. చెల్లని పెళ్లికి పుట్టిన పిల్లలు కూడా చట్టబద్ధ సంతానమేనని హిందూ వివాహ చట్టం సెక్షన్ 16 చెబుతోంది. అలాంటి పిల్లలకు తల్లిదండ్రుల వాటాలో హక్కు ఉందని రేవణసిద్దప్ప కేసులో సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. అది కాకుండా, బిడ్డకు 21 ఏళ్లు నిండకముందే తండ్రీబిడ్డల నిజమైన అనుబంధం ఉందని చూపినా అమెరికా చట్టం ఒప్పుకుంటుంది. ఒకే రేషన్‌కార్డులో పేర్లు, హాస్టల్ రిజిస్టర్‌లో తండ్రి సంతకం, ఆయన పంపిన మనియార్డర్ రసీదులు ఇక్కడ పనికొస్తాయి.

మన ఇళ్లలో తరచూ వచ్చే ఇంకో చిక్కు పదో తరగతి మెమో. బడిలో చేర్చిన రోజున తల్లి పక్కన ఉన్న భర్త పేరే హెడ్‌మాస్టర్ తండ్రి గడిలో రాశాడు. ఆ మెమో చూసి జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు వచ్చాయి. ఇప్పుడు సవతి తండ్రి కన్నతండ్రి అయి కూర్చున్నాడు. దీన్ని అలాగే నెట్టుకుపోవాల్సిన అవసరం లేదు. బిడ్డకు 18 ఏళ్లు నిండకముందే తల్లితో పెళ్లయి ఉంటే సవతి తండ్రిని సవతి తండ్రిగానే పిలిపించుకోవచ్చు. కాకపోతే ఆ పెళ్లి చెల్లాలి, అంటే తల్లి మొదటి ఇడుపు నిలబడాలి. తల్లి ఒక్కరినే పిలిస్తే అంత అవసరం రాని ఇడుపు కాయితం, సవతి తండ్రి దగ్గరికి వచ్చేసరికి కేసుకు వెన్నెముక అవుతుంది.

తల్లికీ, తండ్రికీ వేర్వేరు దరఖాస్తులు పెట్టాలి. తల్లి వీసా మీద ఆమె భర్తగానీ, చిన్న పిల్లలుగానీ వెంట రాలేరు. ఆమెకు గ్రీన్‌కార్డు వచ్చాక ఆమే వాళ్ల కోసం అడగాలి. ఈ రోజు మొదటి పెళ్లి దాస్తే, రేపు ఆ దరఖాస్తులోనూ దాయాల్సి వస్తుంది.

అబద్ధం ఖరీదు

ముఖ్యమైన విషయాన్ని కావాలని తప్పుగా చెప్పి వీసా పొందాలని చూసినట్టు తేలితే, ఆ మనిషికి అమెరికా ప్రవేశంపై శాశ్వత నిషేధం పడొచ్చు. దానికి మినహాయింపు ఉంది కానీ, అది అమెరికా పౌరులో, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లో అయిన భర్త, భార్య, తల్లి, తండ్రి పడే తీవ్ర కష్టం మీదే ఇస్తారు. కొడుకు, కూతురు ఆ జాబితాలో లేరు. అంటే బిడ్డ పిలిస్తే వెళ్లాల్సిన తల్లి మీద నిషేధం పడితే, ఆ బిడ్డ కష్టం చూపి దాన్ని తొలగించుకోవడం కుదరదు. ఇరవై ఏళ్లు ఎదురుచూసి తెచ్చుకున్న హక్కు ఒక్క గడిలో రాసిన అబద్ధంతో పోతుంది.

ఆ అబద్ధం బయటపడటం కష్టమేమీ కాదు. ఇంతకుముందు విజిటర్ వీసాకు పెట్టిన దరఖాస్తు, పాస్‌పోర్టు చివరి పేజీలో భర్త పేరు, పింఛను కాగితాలు ఒకదానికొకటి పొసగకపోతే చాలు.

అసలు భయం కులపత్రం గురించి

చాలామంది దాచేది అమెరికాకు భయపడి కాదు, ఇక్కడి ఆఫీసులకు భయపడి. క్రైస్తవంలో ఉన్న మన కుటుంబాల్లో పెళ్లి చర్చిలో జరిగింది. వివాహ పత్రం అక్కడిదే. కానీ 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే. చర్చి పత్రం బయటపెడితే తమ్ముడి రిజర్వేషన్ పోతుందేమోనని ఆ పత్రమే లేదంటారు. అమెరికా అధికారి కులపత్రం అడగడు. ఒక రాజ్యానికి చెప్పిన నిజం ఇంకో రాజ్యం దగ్గర శిక్షగా మారుతుందన్న భయమే ఆ నోరు నొక్కేస్తోంది. ఇంకో చిక్కు కూడా ఉంది. క్రైస్తవ వివాహానికి సెక్షన్ 29(2) రక్షణ లేదు. చర్చిలో పెళ్లయి పెద్దమనుషుల ముందు విడిపోయినవాళ్లు కోర్టుకు వెళ్లక తప్పదు.

ఈ భయానికి ఆధారం లేదని ఎవరూ అనలేరు. రోహిత్ వేముల చనిపోయాక చర్చ అతన్ని చావుకు నెట్టిన వివక్ష మీద జరగాల్సింది. దాన్ని తల్లి రాధిక పెళ్లి మీదికి, భర్త కులం మీదికి, ఆమె ఎవరి ఇంట్లో పెరిగిందన్న దాని మీదికి మళ్లించారు. 2024లో తెలంగాణ పోలీసులు ఇచ్చిన ముగింపు నివేదిక కూడా అతను ఎస్సీ కాదనే చెప్పింది. దళిత తల్లి వైవాహిక చరిత్రను ఆమె పిల్లల మీదే ఆయుధంగా వాడగలరని మనం అప్పుడే చూశాం.

చేయాల్సింది

తల్లిదండ్రులు బతికుండగానే పని మొదలుపెట్టాలి. మొదటి భర్త చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం తెచ్చుకోవాలి. మరణం నమోదు కాక ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. నెక్కొండవాళ్లు ముందుగా నర్సంపేట ఆర్డీవో ఆఫీసులో కనుక్కోవాలి. బతికి ఉంటే, పెద్దమనుషుల్లో మిగిలినవాళ్ల చేత పేర్లు, తేదీలు, చోటు, కులాచారం వివరంగా రాసిన అఫిడవిట్లు తీసుకోవాలి. వీలైతే ఫ్యామిలీ కోర్టులో వైవాహిక స్థితి ప్రకటన కోరాలి. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 7 అందుకు వీలిస్తుంది. లాయర్ ఫీజు భయం అక్కర్లేదు. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. వరంగల్ జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గర దీనికోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. దరఖాస్తు చివరి దశలో మాత్రం అమెరికాలో లైసెన్సు ఉన్న ఇమ్మిగ్రేషన్ లాయర్‌కు చూపించండి.

ఇది ఒక్కో కుటుంబం మోయాల్సిన బరువు కాదు. విదేశాల్లో చదువుకునే ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద తెలంగాణ ప్రభుత్వం 20 లక్షల రూపాయల వరకు ఇస్తోంది. పిల్లలను పంపడానికి పథకం పెట్టిన ప్రభుత్వం, వాళ్ల తల్లుల ఇడుపును నమోదు చేసే ఒక్క రిజిస్టర్ పెట్టలేదా? సెక్షన్ 29(2) గుర్తించిన ఆచార విడాకులకు జిల్లా స్థాయిలో విచారణ జరిపి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి కావాలని అడుగుదాం. యూనివర్సిటీల్లో ఉన్న మన న్యాయ విద్యార్థులు తమ ఊళ్ల ఇడుపు, మారుమనువు ఆచారాలను పెద్దల నోటి నుంచి ఇప్పుడే రాసిపెట్టాలి. రేపు ఏ కోర్టులోనైనా ఆచారం ఉందని చూపడానికి ఆ రాత పనికొస్తుంది.

కొట్టే మొగుణ్ని వదిలి, మళ్లీ బతుకు కట్టుకుని, మనల్ని చదివించిన తల్లి మన కేసులో బలహీనత కాదు. ఎన్నిసార్లు పెళ్లయింది అన్న గడిలో రెండు అని రాద్దాం. ఆ రెండో పెళ్లి వెనకున్న ఇడుపుకు కాగితం ఎందుకు లేదో చెప్పాల్సింది మాత్రం మన తల్లి కాదు, ఈ ప్రభుత్వం.