జాడ తెలియని విమానము – అదుపులేని నాలుకలు

(ఈ నెల ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 28:1–6)





పౌలు ఎక్కిన ఓడ బద్దలై, అందరును తప్పించుకొని మెలితే ద్వీపమునకు చేరిన సంగతి మీరెరుగుదురు. వాన కురియుచున్నది, చలిగా నున్నది. ఆ ద్వీపవాసులు దయగలవారై, తడిసి వచ్చిన పరదేశులకు మంట వేసిరి. పౌలు పుల్లలు ఏరి మంటలో వేయుచుండగా ఒక సర్పము అతని చేతిని కరచి పట్టుకొనెను. అంతలోనే వారు, ఇతడు ఎవరినో చంపి వచ్చినవాడై యుండునని తమలో తాము తీర్పు చెప్పుకొనిరి. కొంతసేపు చూచి అతనికి ఏ హానియు కలుగకపోగా, ఇతడు దేవతయే అనిరి. మొదటి మాటయు తప్పే, రెండవ మాటయు తప్పే. వారి చేతులు చేసిన పని మంచిదే గాని నాలుకలు మాత్రము పరుగెత్తినవి.

మన కాలములో ఇటువంటి సంగతి లోకమంతటి యెదుట జరిగినది. 2014 మార్చి 8వ తేదీన, అర్ధరాత్రి దాటి 42 నిమిషములకు, మలేషియా ఎయిర్‌లైన్స్ వారి ఎం.హెచ్. 370 అను బోయింగ్ 777 విమానము కౌలాలంపూరు నుండి చైనా రాజధానియైన బీజింగునకు బయలుదేరినది. ప్రయాణికులు 227 మంది, సిబ్బంది 12 మంది, మొత్తము 239 మంది. ప్రయాణికులలో సగమునకు పైగా చైనా వారు. మన దేశస్థులు ఐదుగురు ఉండిరి. 1 గంట 19 నిమిషములకు శుభరాత్రి అని చెప్పిన మాటయే ఆ విమానము నుండి వినబడిన చివరి మాట. రెండు నిమిషములలో రాడార్ తెర మీద దాని గుర్తు మాయమైనది.

అటుతరువాత తెలిసినదేమనగా, ఆ విమానము దారి మళ్లి, వెనుకకు తిరిగి, మలేషియా భూభాగమును దాటి అండమాన్ సముద్రము వైపు సాగినది. సైనిక రాడార్ 2 గంటల 22 నిమిషముల వరకు దానిని చూచినది. ఆ మీదట ఉదయము 8 గంటల 19 నిమిషముల వరకు, రమారమి గంటకొకసారి, దానిలోని ఒక యంత్రము ఆకాశములోని ఉపగ్రహమునకు జవాబిచ్చుచుండెను. అంతే. ఇంతకు మించి ఆ దినములలో ఎవరికిని ఏమియు తెలియదు.

అయినను లోకము ఊరకుండలేదు. వియత్నాము దగ్గర సముద్రము మీద చమురు తెట్టు కనబడగానే విమానము అక్కడ కూలినదనిరి. పరీక్షించి చూడగా అది ఓడల నుండి కారిన చమురు. చైనా ఉపగ్రహ చిత్రములలో తునకలు కనబడినవనిరి. అవి విమానమునకు సంబంధించినవి కావని తేలినది. ఎవరో ఎత్తుకొనిపోయి రహస్య స్థలములో దింపినారని కొందరు, సైన్యము కూల్చివేసినదని కొందరు చెప్పిరి. ఒక ఆస్ట్రేలియా సంస్థ అయితే మన బంగాళాఖాతములోనే శకలములున్నవని ప్రకటించినది. బంగ్లాదేశ్ నావికులు వెళ్లి వెదకగా ఏమియు దొరకలేదు. కౌలాలంపూరు విమానాశ్రయములోనే ఒక మాంత్రికుడు కొబ్బరికాయలతోను వెదురు దుర్భిణితోను క్రతువు చేసి, తనకు తెలిసినట్లు మాటలాడెను. అధికారుల మాటలు దినమునకొక రీతిగా మారుటయు ఈ ఊహలకు ఎరువైనది. విమానము నుండి వచ్చిన చివరి మాట ఏమిటో సరిగా చెప్పుటకే వారికి మార్చి 31 వరకు పట్టినది.

ఊహలు ఎవరికి ఏమి చేయుననుకొందురా? మూడు సంగతులు గమనించుదము.

మొదటిది, ఊహ సులువుగా అబద్ధసాక్ష్యమగును. ఆ విమానములో ఇద్దరు ఇరాను యువకులు, ఇటలీ, ఆస్ట్రియా దేశస్థుల యొద్ద దొంగిలింపబడిన పాస్‌పోర్టులతో ప్రయాణించుచుండిరి. ఇది తెలిసిన దినముననే, వీరే ఉగ్రవాదులని లోకమంతటను మాట పుట్టినది. మార్చి 11 నాటికి పోలీసు వారు విచారించి చెప్పినదేమనగా, వారు ఐరోపాలో ఆశ్రయము కోరి పోవుచున్నవారని. వారిలో ఒకడు 19 ఏండ్లవాడు. అతని తల్లి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో కుమారుని కొరకు ఎదురు చూచుచుండెను. దొంగ పాస్‌పోర్టు తప్పే, ఒప్పుకొందము. కాని కన్నబిడ్డ ఏమైనాడో తెలియక కూర్చున్న తల్లికి, నీ కొడుకే 239 మందిని చంపినాడని టెలివిజనులో వినబడుట ఎట్లుండునో తల్లులైన మీరే ఆలోచించుడి. పైలట్ల కుటుంబములకు ఇంకను ఎక్కువ నింద కలిగినది. మలేషియా ప్రభుత్వపు విచారణ నివేదిక 2018 జూలైలో వెలువడినది. విమానమును మళ్లించినది మనిషి చేయియే కావచ్చునని, మూడవ వ్యక్తి జోక్యమును కొట్టివేయలేమని, పైలట్ల ప్రవర్తనలో అనుమానింపదగిన మార్పు కనబడలేదని, నిజమైన కారణమును నిశ్చయించి చెప్పలేమని అందులో వ్రాసిరి. ఏండ్ల తరబడి విచారించినవారు చెప్పలేనిదానిని, మొదటి వారములోనే ఇంటిలో కూర్చుండి చెప్పినవారు ఎందరో! పది ఆజ్ఞలలో తొమ్మిదవది న్యాయస్థానములో నిలుచువారికి మాత్రమే కాదు, రచ్చబండ మీద కూర్చున్నవారికిని వర్తించును.

రెండవది, ఊహ దుఃఖించువారి గాయమును మాననీయదు. బీజింగులో వేచియున్న బంధువులలో కొందరు తమవారికి ఫోను చేయగా అవతల మ్రోగినట్లు వినబడెను. అయితే బ్రదికియున్నారు అను మాట క్షణములో వ్యాపించెను. నిజమేమనగా, మనము పిలిచిన నంబరును కంపెనీ యంత్రములు వెదకుచుండగానే మన చెవికి మ్రోగుడు శబ్దము వినిపించుట కలదు. అవతలి ఫోను మ్రోగవలెనను నియమము లేదు. ఈ సంగతి తెలిసినవారు వెంటనే మెల్లగా చెప్పియుంటే మేలుగా నుండెడిది. ఆ శబ్దమును పట్టుకొని భార్యలు, తల్లులు ఎన్ని రాత్రులు నిద్రలేక గడిపిరో దేవునికే తెలియును. వట్టి ఆశ చూపి పిమ్మట తీసివేయుట కంటె, మాకు తెలియదు అని చెప్పి ప్రక్కన కూర్చుండుటయే ప్రేమ.

మూడవది, దేవుని పేరున చెప్పబడు ఊహ అన్నిటికంటె ప్రమాదకరము. మాంత్రికుని కొబ్బరికాయలను చూచి మనము నవ్వుదుము. కాని ఎక్కడ ఏ ప్రమాదము జరిగినను, నాకు ముందే దర్శనము కలిగినది, ఇది ఫలానా పాపమునకు శిక్ష, అని ప్రసంగించువారు మన మధ్యను లేరా? సిలోయములో గోపురము కూలి పదునెనిమిది మంది చనిపోయినప్పుడు, వారు అందరికంటె పాపులని తలంచువారిని ప్రభువు గద్దించి, మీ సంగతి మీరు చూచుకొని మారుమనస్సు పొందుడని హెచ్చరించెను (లూకా 13). యోబు స్నేహితులు ఏడు దినములు నోరు మెదపక నేల మీద కూర్చున్నంత కాలము మంచి స్నేహితులే. కారణములు చెప్పనారంభించిన తరువాతనే దేవుని కోపమునకు పాత్రులైరి. రహస్యములు దేవునివి, బయలుపరచబడినవి మనవి అని మోషే బోధించిన సంగతియు (ద్వితీ. 29:29) జ్ఞాపకముంచుకొందము.

ఇట్లు మాటలాడువారు మాటలాడుచుండగా, మరికొందరు మౌనముగా పని చేసిరి. ఉపగ్రహమునకు వచ్చిన ఆ కొద్దిపాటి జవాబులను బట్టి విమానము ఎంత దూరములో నుండెనో ఇంజనీర్లు లెక్క వేసిరి. ఆ లెక్కను బట్టియే విమానము హిందూ మహాసముద్రపు దక్షిణ భాగములో ముగిసినదని 2014 మార్చి 24న మలేషియా ప్రధానమంత్రి ప్రకటించెను. మన నావికాదళపు ఓడలు, విమానములు కూడ అండమాన్ ప్రాంతములో వెదకినవి. ఆస్ట్రేలియా, మలేషియా, చైనా దేశములు కలిసి 1,20,000 చదరపు కిలోమీటర్ల సముద్రగర్భమును గాలించి, 2017 జనవరిలో పని ఆపిరి. 2015 జూలైలో ఆఫ్రికా వైపున్న రీయూనియన్ ద్వీపపు ఒడ్డున రెక్క భాగమొకటి కొట్టుకొని వచ్చినది. అది ఆ విమానముదే అని నిర్ధారణ అయినది. 2018లో ఒక ప్రైవేటు సంస్థ మరల వెదకినది. 2025లో ఆ సంస్థతోనే మలేషియా ప్రభుత్వము దొరికితేనే సొమ్ము అను షరతు మీద తిరిగి ఒప్పందము చేసికొనినది. మాటలవలన ఒక్క తునకయు దొరకలేదు. దొరికిన కొంచెము ఓపికవలననే దొరికినది.

ఈ దుఃఖము మన ప్రాంతమునకును క్రొత్త కాదు. 2016 జూలై 22న చెన్నై దగ్గరనున్న తాంబరము నుండి పోర్టుబ్లెయిరునకు వెళ్లుచు వాయుసేన వారి ఎ.ఎన్. 32 విమానము బంగాళాఖాతము మీద మాయమైనది. అందులోని 29 మందిలో ఎనిమిది మంది విశాఖపట్నములోని నావికాదళ ఆయుధాగారపు ఉద్యోగులు. ఏడున్నర ఏండ్ల తరువాత, 2024 జనవరిలో, చెన్నై తీరమునకు సుమారు 310 కిలోమీటర్ల దూరమున, 3,400 మీటర్ల లోతున దాని శకలములు కనబడినట్లు ప్రభుత్వము తెలిపినది. అన్నాళ్లు ఆ ఇండ్లలో పండుగలు ఎట్లు గడిచెనో! సమాధి చేయుటకు దేహము లేదు, ఆదరణ కూడిక పెట్టుటకు మనసొప్పదు, పెట్టకుండుటకును మనసొప్పదు.

విమానమే కానక్కరలేదు. వేటకు పోయిన పడవ తుపానులో తిరిగి రాకపోవచ్చును. గల్ఫునకు వెళ్లిన కుమారుని యొద్దనుండి ఫోను ఆగిపోవచ్చును. అప్పుడు మన పల్లెలలో ఏమి జరుగును? అప్పులవాళ్లకు భయపడి దాగినాడని ఒకరు, అక్కడ వేరొక కాపురము పెట్టినాడని మరొకరు. ఆ మాటలు బావి యొద్ద ఆ భార్య చెవిని పడును, బడిలో ఆమె పిల్లల చెవిని పడును. ఇప్పుడైతే వాట్సాపులో జిల్లా అంతయు తిరుగును. ఆ మనిషి రేపు తిరిగి వచ్చినను ఆ మాటలు మాత్రము వెనుకకు రావు.

కాబట్టి ప్రియమైన తల్లిదండ్రులారా, యౌవనస్థులారా, ఇటువంటి సమయమున మన సంఘములు చేయదగిన పనులు కొన్ని కలవు. ఒక వార్త చేతికి వచ్చినప్పుడు, ఇది చెప్పినవారు కన్నులార చూచిరా, ఆ ఇంటివారు దీనిని విన్నయెడల వారికి మేలు కలుగునా అని అడుగుకొనుడి. రెండింటికి అవునని చెప్పలేనియెడల అది మీ యొద్దనే ఆగిపోవలెను. ఆ ఇంటికి వెళ్లినప్పుడు, ఏమైనా తెలిసినదా అని ప్రతి దినము అడుగకుడి. తెలిసినయెడల వారే చెప్పుదురు. అన్నము వండుకొని పోవుడి, పిల్లల ఫీజు సంగతి చూడుడి. జ్ఞాపకార్థ కూడిక పెట్టవలెనని గాని కూడదని గాని వారిని బలవంతపెట్టకుడి. వారు సిద్ధపడిన దినమున సంఘము సిద్ధముగా నుండవలెను. పోలీసు స్టేషనులో ఫిర్యాదు వ్రాయించి, దాని కాగితము భద్రపరచుటకు పెద్దలు తోడు వెళ్లవలెను. ఏడు సంవత్సరములు ఒకనిని గూర్చి, సహజముగా వినవలసినవారికి ఏ వార్తయు రాకపోయినయెడల, అతడు మరణించినట్లు భావించుటకు మన సాక్ష్యచట్టము వీలు కల్పించుచున్నది. బ్యాంకు, భీమా, పెన్షను పనులకు ఆ కాగితములే ఆధారము. ఏడేండ్లు తక్కువ కాలము కాదు. అన్నాళ్లు ఆ విధవరాలో కాదో తెలియని సహోదరి చేయి పట్టుకొని నడిపించుట సంఘము పని.

మెలితే వాసులు వేసిన మంట పౌలునకు వెచ్చదనమిచ్చెను. వారు చెప్పిన రెండు తీర్పులలో ఏదియు అతనికి ఉపయోగపడలేదు. మన యింటి ప్రక్కన ఎవరైనను జాడ తెలియని వారి కొరకు కన్నీరు విడుచుచున్నయెడల, మనము మంట వేయుదము.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో వీరిని జ్ఞాపకము చేసికొనుడి: ఎం.హెచ్. 370లో ప్రయాణించిన 239 మంది కుటుంబములు, విశాఖపట్నములో తమవారిని పోగొట్టుకొనిన ఎనిమిది కుటుంబములు, సముద్రము మీద జీవనము చేయువారు, దూరదేశములలో నుండి మాట రాని మన బిడ్డలు. సముద్రపు అగాధమునందును దేవుని దృష్టికి మరుగైన స్థలము లేదు.

ప్రభువు కృప మీకందరికి తోడైయుండును గాక. ఆమేన్.