కువైట్ ఎంత దూరం?

రావులపాలెం బస్టాండు. రాత్రి ఏడున్నర. తాళ్లతో బిగించి కట్టిన అట్టపెట్టెల చుట్టూ ఓ కుటుంబం. కోడలు కువైట్ వెళుతోంది. సాగనంపడానికి వచ్చిన మామ్మగారు నన్నడిగారు, ''కువైట్ ఎంత దూరం బాబూ?''

''ఎంతండీ, అయిదు గంటలండీ!'' పక్కనున్న పెద్దాయన తేల్చేశాడు.

''మరి హైదరాబాదుకే తెల్లవార్లూ పడుతుందేం?''

ఆవిడ అడిగిందాంట్లో తప్పేముంది? రావులపాలెం నుంచి హైదరాబాద్ సుమారు 400 కిలోమీటర్లు. బస్సులో ఎనిమిది, తొమ్మిది గంటలు. శంషాబాద్ నుంచి కువైట్ ఆకాశమార్గాన దాదాపు 3,370 కిలోమీటర్లు. ఎనిమిది రెట్లు ఎక్కువ దూరం, సగం సమయం. పైకెక్కాక విమానం గంటకు 850 కిలోమీటర్ల దాకా పోతుంది. ఆ లెక్కన నాలుగు గంటలు చాలాలి. కానీ రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగడం... వీటికే ముప్పావుగంట, గంట. పైగా పడమటి నుంచి వీచే ఎత్తుగాలి వెళ్లేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. అందుకే తిరుగు ప్రయాణం కాస్త తొందరగా అవుతుంది.

టిక్కెట్టు చూస్తే ఇంకో తికమక. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. పొద్దున్న 9.30కి ఎక్కినవాళ్లు మధ్యాహ్నం 12కి దిగినట్టుంటుంది. 'రెండున్నర గంటలేనా!' అని మురిసిపోకండి. రాత్రి ఎనిమిదికి ఇక్కడ బస్సెక్కినవాళ్లు అక్కడ దిగేసరికి పద్దెనిమిదిన్నర గంటలు. గాల్లో ఉండేది అందులో అయిదే. మిగిలిందంతా రోడ్డు, వరుసలు, ఎదురుచూపు.

కోనసీమ ఇళ్లలో ఈ లెక్క సరదాకి వేసుకునేది కాదు. మా వీధిలో ఓ పెద్దాయన తెల్లవారుజామున పోయారు. కొడుకు కువైట్‌లో ఉన్నాడు. ఐసుపెట్టె తెచ్చినతను అడిగిన మొదటిమాట, ''అబ్బాయి ఎప్పటికొస్తాడండీ?'' ఎవరు చెప్పగలరు? విమానం అయిదు గంటలే. యజమాని ఒప్పుకోవాలి, సీటు దొరకాలి. పైగా 2025 జులై 1 నుంచి అక్కడ ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే విదేశీయులు దేశం దాటాలంటే యజమాని ఆమోదించిన ఎగ్జిట్ పర్మిట్ కూడా ఉండాలి. ఆ అబ్బాయి మూడోరోజు మధ్యాహ్నం దిగాడు. అప్పటికి కార్యక్రమం తమ్ముడి చేతుల మీదుగా అయిపోయింది.

ఒక్కోసారి దారే మూసుకుపోతుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో దిగాక అక్కడి నుంచి మామూలు విమానాల్లేవు. మనవాళ్లు బాగ్దాద్ మీదుగా రోడ్డున జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరి, అక్కడ ఎయిరిండియా విమానాలెక్కారు. రెండు నెలల్లో 488 విమానాలు, లక్షా డెబ్బైవేల మందికి పైగా జనం. ఆ ప్రయాణం ఎన్ని గంటలంటే ఏ టైమ్‌టేబుల్ చెబుతుంది?

బస్సొచ్చింది, ఇరవై నిమిషాలు ఆలస్యంగా. పెట్టెలు డిక్కీలోకి వెళ్లాయి. మామ్మగారు నా లెక్క మళ్లీ ఓసారి వేళ్లమీద వేసుకున్నారు.

''అయితే రేపు నేను మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి దిగుతుందన్నమాట!''

''అవునండీ.''

''రేపు పడుకోన్లే'' అన్నారు, కదులుతున్న బస్సు కిటికీ వంకే చూస్తూ.